ఒక్కో పాటే వినే కాలంలో మొత్తం ఆల్బమ్ ముచ్చట ఎందుకు?

క్లుప్తంగా: రీల్‌లో అర నిమిషం పాట, యాప్‌లో వరస తెలియని ప్లేలిస్టు. వినే పద్ధతి ఇంతగా మారిపోయాక కూడా సంగీతాభిమానులు "ఈమధ్య విన్న ఆల్బమ్‌లు" అంటూ జాబితాలు పంచుకుంటూనే ఉన్నారు. తెలుగులో ఆల్బమ్ అన్న మాటకు ఒకే అర్థం లేకపోవడంతో ఈ జాబితాలు కొత్తవారికి అయోమయంగా కనిపిస్తాయి. ఆల్బమ్ ఎలా పుట్టింది, హైదరాబాద్‌లో ఎలా చెదిరింది, క్యాసెట్ అట్టతో పాటు ఏ సమాచారం పోయింది, ఆ లోటును శ్రోతల జాబితాలు ఎంతవరకు పూడుస్తున్నాయి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

ఒకే మాట, వేర్వేరు వస్తువులు

"ఈమధ్య ఏ ఆల్బమ్‌లు విన్నారు?" అని హైదరాబాద్‌లో ఏ స్నేహితుల బృందంలో అడిగినా వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు సినిమా పేరు చెబుతారు. వారి లెక్కలో ఆ సినిమా పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్. మరొకరు సినిమాతో సంబంధం లేని ప్రైవేటు రికార్డు పేరు చెబుతారు. ఇంకొకరు యూట్యూబ్‌లో వచ్చిన ఒకే ఒక్క జానపద వీడియో పాట పంపి దాన్నే ఆల్బమ్ అంటారు. సినిమాది కాని పాట ఏదైనా, అది ఒంటరి పాటే అయినా, "ఆల్బమ్ సాంగ్" అనడం వాడుకలో స్థిరపడిపోయింది. వాడుక ప్రకారం ముగ్గురి మాటా సరైనదే, కానీ ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదు.

యాప్‌ల లెక్క వేరు. స్పాటిఫై వంటి సేవలు పాటించే కొలత ప్రకారం ఏడు లేదా అంతకు మించి పాటలున్నా, మొత్తం నిడివి 30 నిమిషాలు దాటినా అది ఆల్బమ్. నాలుగు నుంచి ఆరు పాటలుండి 30 నిమిషాల లోపు ముగిస్తే ఈపీ. అంతకు తక్కువైతే సింగిల్. ఈ కొలతతో చూస్తే, ఒక్కోటి నాలుగు నిమిషాల చొప్పున ఐదు పాటలతో 20 నిమిషాల్లో ముగిసే తెలుగు సినిమా సంగీతం ఆల్బమ్ కిందికే రాదు. అయినా దాన్ని ఈపీ అని పిలిచే తెలుగు శ్రోత దాదాపు కనిపించరు. ఇక్కడ ఆల్బమ్ అంటే నిమిషాల లెక్క కాదు. ఒక సినిమాకు ఒక సంగీత దర్శకుడు చేసి ఇచ్చిన మొత్తం పని.

ఇంకో తేడా కూడా ఉంది, అయోమయానికి అసలు మూలం బహుశా అదే. పాశ్చాత్య దేశాల్లో ఆల్బమ్ పాడిన కళాకారుడి పేరు మీద చెలామణి అవుతుంది. యాప్‌లలో "ఆర్టిస్ట్" అన్న గడి ఆ సంప్రదాయాన్ని చూసి కట్టినదే. తెలుగు సినిమా ఆల్బమ్‌కు ఉండే పేరు సినిమాది, శ్రోత గుర్తుపెట్టుకునేది సంగీత దర్శకుణ్ని, చెవిన పడేది గాయకుల గొంతు, మనసులో నిలిచేది చాలాసార్లు కవి మాట. ఈ నాలుగింటినీ ఒక్క గడిలో ఇరికించడం కుదరదు. అందుకే ఒకే పాట ఒక చోట గాయని పేరు కింద, మరో చోట సంగీత దర్శకుడి పేరు కింద, ఇంకో చోట "వేరియస్ ఆర్టిస్ట్స్" కింద దొరుకుతుంది.

నిడివిని నిర్ణయించింది ప్లేటు

ఆల్బమ్ అన్న పేరు సంగీతం నుంచి పుట్టలేదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్ ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు, నాలుగు నిమిషాల సంగీతమే. అంతకన్నా పెద్ద రచన అమ్మాలంటే అనేక ప్లేట్లు కావాలి. వాటిని ఫొటోల ఆల్బమ్‌లాగా సంచులు కుట్టిన అట్ట పుస్తకంలో పెట్టి అమ్మేవారు. ఆ పుస్తకం పేరే లోపలి సంగీతానికి వచ్చింది. 1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్పీ (లాంగ్ ప్లే) ప్లేటును తెచ్చాక, ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా పట్టే వీలు కలిగింది. ఏ పాటతో మొదలుపెట్టాలి, మొదటి వైపు దేనితో ముగించాలి, ప్లేటు తిప్పాక వినేవారిని మళ్లీ ఎలా లోపలికి తీసుకెళ్లాలి అన్న ఆలోచన ఈ 20 నిమిషాల హద్దు నుంచే వచ్చింది.

భారతీయ సంగీతంలో దీనికి చక్కని ఉదాహరణ 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసి ఒక గొర్రెల కాపరి జీవితంలో ఒక రోజును ఆయా వేళల రాగాలతో చెప్పిన ఎల్పీ అది. అందులో సాయంత్రపు రాగాన్ని ముందు విని పొద్దుటి రాగాన్ని తరువాత వింటే కథే మారిపోతుంది. తెలుగువారి ఇళ్లలో ఇలా వరసగా విన్నవి ఎక్కువగా భక్తి రికార్డులు. ఘంటసాల చివరి రోజుల్లో పాడి వ్యాఖ్యానంతో సహా రికార్డు చేసిన భగవద్గీత, తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఐదు ఎల్పీలుగా పాడిన 'బాలాజీ పంచరత్నమాల' పూర్తి అర్థంలో ఆల్బమ్‌లు. గుడి మైకులో భగవద్గీత ఒక శ్లోకం దగ్గర ఆగిపోతే తరువాతి శ్లోకం వినేవారి నోట దానంతట అదే వచ్చేది.

సినిమా పాటల సంగతి వేరని ఇక్కడ ఒప్పుకోవాలి. అవి తెర మీది సన్నివేశాల కోసం కట్టినవి, ప్లేటు మీది వరస కోసం కట్టినవి కావు. కాబట్టి సినిమా ఆల్బమ్‌ను ముందూ వెనకా చేసి విన్నా 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'కి జరిగినంత నష్టం జరగదు. దాన్ని కలిపి ఉంచేది ఒకే సంగీత దర్శకుడు కొన్ని నెలల పాటు ఒకే కథ మీద మనసు పెట్టడం వల్ల వచ్చిన పోలిక. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలన్నిటికీ సంగీతం ఇళయరాజా, సాహిత్యం వేటూరి. అందులోని ఏ రెండు పాటలను పక్కపక్కన విన్నా ఒకే ఇంటి పిల్లలని తెలిసిపోతుంది. ఒంటరిగా, ఇంకో సినిమా పాటల మధ్య విన్నప్పుడు ఆ పోలిక వినిపించదు. సినిమా ఆల్బమ్‌ను మొత్తంగా వినడంలో శ్రోతకు దక్కేది ఇదే.

హైదరాబాద్‌లో ఆల్బమ్ చెదిరిన తీరు

ఆల్బమ్‌ను విడగొట్టింది స్మార్ట్‌ఫోన్ అనుకోవడం పొరపాటు. ఆ పని క్యాసెట్‌తోనే మొదలైంది. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్ మన దగ్గర 1980లలో ఇంటింటికీ చేరింది. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట పడుతుంది. ఒక సినిమా పాటలకు ఒక వైపు సరిపోతుంది. అందువల్ల ఒకవైపు ఒక సినిమా, రెండోవైపు ఇంకో సినిమా వేసి అమ్మిన క్యాసెట్లు చాలా వచ్చాయి. వేర్వేరు సంగీత దర్శకులు చేసిన, ఏ సంబంధమూ లేని రెండు సినిమాలు ఒక తరం జ్ఞాపకాల్లో జంటగా ఉండిపోవడానికి కారణం ఆ అరగంట లెక్కే.

తరువాత రికార్డింగ్ సెంటర్లు వచ్చాయి. నచ్చిన పాటల పేర్లు నోటుబుక్కు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు షాపులో ఇచ్చి వస్తే రెండు మూడు రోజుల్లో పాటలు నింపి ఇచ్చేవారు. కాగితంలో ఒక పాట దొరక్కపోతే షాపువారు తమకు నచ్చినది వేసేవారు, అలా అనుకోకుండా పరిచయమైన పాటలు ఎన్నో. నేటి ప్లేలిస్టుకు తాత ఆ కాగితమే. ఇక కోఠిలోని ఫుట్‌పాత్‌ల మీద ఎంపీత్రీ సీడీలు దిగాక ఆల్బమ్ దాదాపు మాయమైంది. 700 మెగాబైట్ల సీడీలో, అప్పటి మామూలు నాణ్యతతో ఒక్కో పాటకు నాలుగున్నర మెగాబైట్లు వేసుకుంటే, 150 పాటలు పడతాయి. 30 సినిమాలకు సరిపడే పాటలను ఒక్క సీడీలో పెట్టినప్పుడు సినిమా పేరు వెనక్కి పోయి "ఫలానా వారి హిట్స్" అన్న పేరు ముందుకొచ్చింది. మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించే రోజుల్లో ఆ హిట్స్ పేరు కూడా మిగల్లేదు. ఫైలు పేరులో పాట మొదటి రెండు మాటలు, దాని వెనక ఏదో వెబ్‌సైటు పేరు, అంతే.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది, పాటలు దాచుకునే అవసరం తీరిపోయింది. సినిమా రంగం కూడా తన పద్ధతి మార్చుకుంది. శిల్పకళావేదికలో ఆడియో వేడుక, వేదిక మీద సీడీ ఆవిష్కరణ, తొలి ప్రతి అందజేత అన్న తంతు పోయి ప్రీ రిలీజ్ ఈవెంట్ వచ్చింది. పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలుగా విడుదల అవుతున్నాయి. 2020 జనవరి 12న వచ్చిన 'అల వైకుంఠపురములో' పాటలు 2019 సెప్టెంబరు నుంచే ఒకటొకటిగా బయటకు వచ్చాయి. సినిమా తెర మీదికి వచ్చేనాటికి శ్రోత వాటిని ఒక ఆల్బమ్‌గా కాక, నెలల ఎడంతో వచ్చిన వేర్వేరు పాటలుగా వినేశాడు. ఆ పద్ధతి వ్యాపారపరంగా బాగా పనిచేసింది కాబట్టి అందరూ దాన్నే పట్టుకున్నారు.

దీని వెనక ఒక చిన్న లెక్క కూడా ఉంది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క పడుతుంది. మూడు నిమిషాల పాటకైనా ఏడు నిమిషాల పాటకైనా లెక్క ఒకటే. పల్లవికి ముందు నిమిషం పాటు వాద్య సంగీతం, రెండు చరణాలకు ముందు రెండు వేర్వేరు ఇంటర్‌లూడ్‌లు (వాద్య సంగీతపు ముక్కలు) కట్టే పాత అలవాటుకు ఈ లెక్కలో లాభమేమీ లేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం, ఆ వెంటనే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ రాక తరువాత పాటలో ఏ 15 సెకన్లు పట్టుకుంటాయన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అయింది.

అట్టతో పాటు పోయినవి

క్యాసెట్ పెట్టెలో మడత పెట్టిన అట్ట కాగితం ఉండేది. బయటి వైపు సినిమా బొమ్మ, లోపల చీమల బారులాంటి అక్షరాల్లో ఒక్కో వైపు పాటల పట్టిక. పాట మొదటి పాదం, దాని కింద గానం, సాహిత్యం. కొన్నిటిలో పాటల పూర్తి సాహిత్యం కూడా ఉండేది. టేపు తిరుగుతున్నంతసేపూ ఆ కాగితం చేతిలో ఉండేది కాబట్టి, ఏ పాట ఎవరు రాశారో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే ఒక తరానికి తెలిసిపోయింది.

యాప్‌లో ఆ కాగితం లేదు. కొన్ని యాప్‌లలో పాట మీద నొక్కి, ఇంకో రెండు చోట్ల నొక్కితే కవి పేరు కనబడవచ్చు. చాలా పాత పాటలకు అదీ ఉండదు. వేణువు, వీణ, తబలా వాయించినవారి పేర్ల సంగతి సరేసరి. పాత పాటలకు సంవత్సరం కూడా తప్పు పడుతుంది; 1960లలోని పాటను ఏదో హిట్స్ సంపుటిలో చేర్చి ఎక్కిస్తే, ఆ సంపుటి ఎక్కించిన సంవత్సరమే పాట సంవత్సరంగా కనిపిస్తుంది. ఇళయరాజా, రెహమాన్ సంగీతంలో తమిళం నుంచి డబ్బింగ్ అయిన పాటలకు రెండు భాషల్లో రెండు పేజీలుంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి దారి ఉండదు. పాట దొరకడం ఇంత సులువైన రోజులు మునుపు లేవు. దాన్ని చేసినవారెవరో తెలుసుకోవడం మాత్రం క్యాసెట్ రోజులకన్నా కష్టమైంది. ఇది చిన్న నష్టం కాదు.

జాబితా చేసే పని

శ్రోతలు పంచుకునే ఆల్బమ్ జాబితాల విలువ ఇక్కడే తెలుస్తుంది. మంచి జాబితా పేర్ల పట్టికగా ఆగిపోదు, దానిలో ఒక దారి ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒకరు ఈ వారం 'సిరివెన్నెల' విన్నారనుకుందాం. 1986లో వచ్చిన ఆ సినిమాకు సంగీతం కె.వి. మహదేవన్, సాహిత్యం సీతారామశాస్త్రి. ఆయన ఇంటిపేరే మారిపోయింది దానితో. కథానాయకుడు చూపులేని వేణు విద్వాంసుడు. ఆ పాటల్లో వినిపించే వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. ఆ పేరు పట్టుకుని జాబితా రాసినవారు వెనక్కి వెళ్తే 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' తగులుతుంది, ముందుకు వెళ్తే 1988లో ఇళయరాజా చేసిన 'నథింగ్ బట్ విండ్' తగులుతుంది, అందులోనూ అదే వేణువు. అక్కణ్నుంచి ఒక్క అడుగు వెనక్కి వేస్తే త్యాగరాజు, జర్మన్ స్వరకర్త బాఖ్‌ల స్ఫూర్తితో 1986లో ఇళయరాజా చేసిన 'హౌ టు నేమ్ ఇట్'. తెలుగు సినిమా ఆల్బమ్‌తో మొదలైన ప్రయాణం నాలుగు మజిలీల్లో హిందుస్తానీ, కర్ణాటక, పాశ్చాత్య సంప్రదాయాల మీదుగా సాగింది.

యాప్ సిఫార్సు ఈ దారిలో నడవలేదు, ఎందుకంటే 'సిరివెన్నెల' పేజీలో వేణువు వాయించినవారి పేరే ఉండదు. ఆ సినిమా పాటలు విన్నవారు ఇంకా ఏవి విన్నారో చూసి, అదే కాలపు ఇంకో నాలుగు తెలుగు సినిమాలను అది ముందుకు తెస్తుంది. అది తప్పు కాదు, కానీ వేరే పని. యంత్రానికి తెలిసినది ఎవరు దేని తరువాత ఏది విన్నారన్నది. ఎందుకు విన్నారన్నది మనిషి చెబితేనే తెలుస్తుంది. "వేణువు కోసం వినండి" అన్న మూడు మాటలు క్యాసెట్ అట్ట చేసిన పనిని చేస్తున్నాయి.

ఏటా చివర్లో వచ్చే స్పాటిఫై ర్యాప్డ్ వంటి లెక్కలతో పోల్చినా తేడా తెలుస్తుంది. 2016 నుంచి ఆ పేరుతో వస్తున్న ఈ లెక్క ఏది ఎన్నిసార్లు మోగిందో చెబుతుంది. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో పొద్దున్నే వంటింట్లో మోగేది 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం. అదే ఫోనులో మధ్యాహ్నం పసిపిల్లల పాటలు, రాత్రి కొడుకో కూతురో వినే కొత్త సినిమా పాటలు. ఏడాది చివర వచ్చే లెక్కలో ఈ ముగ్గురూ కలిసిపోయి, ఎవరిదీ కాని ఒక శ్రోత తయారవుతాడు. రోజూ మోగేది వేరు, ఒక ఆదివారం కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నది వేరు. రెండోదాన్ని ఏ లెక్కా పట్టుకోలేదు, చేత్తో రాసిన జాబితా పట్టుకుంటుంది.

జాబితాల లోపాలు

అలాగని ఈ జాబితాలన్నీ సమానంగా పనికొస్తాయని కాదు. ముఖచిత్రాలు తొమ్మిది గళ్లలో పేర్చి, ఒక్క మాట కూడా రాయకుండా పెట్టే జాబితా అభిరుచిని ప్రదర్శిస్తుంది తప్ప ఎవరికీ దారి చూపదు. అవే పది పేర్లు తిరిగి తిరిగి రావడం ఇంకో బలహీనత. హైదరాబాద్‌లో వినిపించే సంగీతమంతా ఈ జాబితాల్లో కనిపించదు. పాతబస్తీ దర్గాల ఖవ్వాలీ, వార్సీ సోదరుల గానం, విఠల్ రావు గజళ్లు తెలుగులో రాసిన జాబితాల్లో అరుదు. జానపదానికి వచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దది. బతుకమ్మ పాటలు ఏటా పండుగ ముందు కొత్తగా వస్తాయి, లక్షలాది మంది వింటారు, కానీ అవి ఒక్కో వీడియోగా వస్తాయి కనుక "ఆల్బమ్‌లు" అన్న శీర్షిక కింద వాటికి చోటు దొరకదు. ఆల్బమ్ అన్న కొలబద్ద వాడినప్పుడు ఆ కొలబద్దకు అందని సంగీతం తక్కువదన్న భావన కలగకుండా చూసుకోవలసిన బాధ్యత జాబితా రాసేవారిదే.

ఇకముందు

ఆల్బమ్ పాత రూపంలో తిరిగి వస్తుందని చెప్పే ఆధారాలు తెలుగునాట లేవు. అమెరికాలో 2022లో, 1987 తరువాత మొదటిసారి, సీడీల కన్నా ఎల్పీలు ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. అక్కడ అది సేకరణ సరదాగా, ముఖచిత్రం మీది మక్కువగా నిలబడింది. ఇక్కడ రికార్డు ప్లేయరూ ప్లేట్లూ ఖరీదు, కొత్త తెలుగు సంగీతం ఎల్పీగా రావడం అరుదు. తెలుగులో ఆల్బమ్ బతికి ఉన్న చోటు యూట్యూబ్‌లోని జ్యూక్‌బాక్స్. సినిమా పాటలన్నిటినీ ఒకే వీడియోగా వరసగా పెట్టే ఆ రూపాన్ని సంగీత సంస్థలు ఇప్పటికీ వదల్లేదు. మధ్యలో ఏదీ నొక్కనక్కర లేకుండా మొత్తం వినాలనుకునేవారు ఇంకా ఉన్నారనడానికి అదే సాక్ష్యం. వినడానికి సమయం లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో పట్టేది దాదాపు గంట. రెండు సినిమాల పాటలు, అంటే పాత క్యాసెట్ రెండు వైపులా, అందులో పూర్తవుతాయి.

అడ్డంకి సమయం కన్నా లభ్యతలో ఉంది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై భారతదేశానికి వచ్చిన కొద్ది కాలానికే పాత హెచ్ఎంవీ పాటలు చేతిలో ఉన్న సరిగమ సంస్థ పాటలు అందులో లేకుండా పోయాయి. 2020లో ఒప్పందం కుదిరాకే తిరిగి వచ్చాయి. 2024లో రెస్సో, వింక్ అనే పాటల యాప్‌లు మూతపడ్డాయి. యాప్ మూతపడితే అందులో ఏళ్ల తరబడి పేర్చుకున్న వరసలు, పంపిన లింకులు పనికిరాకుండా పోతాయి. ఒక యాప్ లింకు మరో యాప్ వాడేవారికి సరిగా తెరుచుకోదు కూడా. అందువల్ల ఆల్బమ్‌ల గురించి చెప్పేటప్పుడు లింకు ఒక్కటే పంపడం కన్నా సినిమా లేదా రికార్డు పేరు, వచ్చిన సంవత్సరం, భాష, సంగీతం ఎవరిది, పాటలు ఎవరు రాశారు, ప్రత్యేకంగా వినవలసిన వాద్యం ఏది అన్న నాలుగైదు ముక్కలు అక్షరాల్లో రాసి పంపినవారి జాబితా పదేళ్ల తరువాత ఏ యాప్ ఉన్నా, లేకున్నా, ఆ సంగీతాన్ని వెతికి పట్టుకోవడానికి పనికొస్తుంది.